ఆ మందు లేకుంటే ఏమయ్యేది?

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ఫలానా మందు పనిచేస్తుందా, చేయదా అని అడుగుతూ తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకుల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒక్కొక్క మందుకూ అవునని, కాదని చెప్పుకుంటూ పోతే వచ్చే నెలకు మరికొన్ని కొత్త మందులు పుట్టుకొస్తాయి. అందువల్ల, ఒక ప్రకటననో, ఒక పరిశోధననో పాఠకులు తమంతట తామే నిగ్గుతేల్చుకోవడానికి పనికివచ్చే ప్రశ్నలను ఎంచుకుని, వాటికి కాస్త వివరంగా సమాధానాలు ఇస్తున్నాను. స్థలం చాలక ఉత్తరాలను కుదించవలసి వచ్చింది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. పోయిన వానాకాలంలో మా అబ్బాయికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చాము. ప్లేట్‌లెట్లు నాలుగో రోజు 84 వేలు ఉన్నవి అయిదో రోజుకు 41 వేలకు పడిపోయాయి. ఆ సాయంత్రం నుంచే మా అత్తగారు బొప్పాయి ఆకు రసం రెండు పూటలా తాపించారు. ఏడో రోజుకు 62 వేలు, ఎనిమిదో రోజుకు లక్షా పది వేలు అయ్యాయి. మా వీధిలో ఇంకో ముగ్గురికి కూడా ఇలాగే తగ్గింది. ఆసుపత్రి డాక్టరు గారు మాత్రం "దానివల్ల కాదమ్మా" అన్నారు. కళ్లారా చూసినదాన్ని కాదంటే ఎలా? దీని మీద పరిశోధనలు కూడా జరిగాయని ఫోన్లో చదివాను.
(ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి)

సమాధానం: అమ్మా, మీరు చూసినదాన్ని కాదనవలసిన పని లేదు. రసం తాపించిన తరువాత ప్లేట్‌లెట్లు పెరగడం మీరు చూశారు. రసం తాపించినందువల్లనే పెరిగాయన్నది మాత్రం కంటికి కనిపించే విషయం కాదు, అది మీరు చేసుకున్న నిర్ధారణ. ఆ నిర్ధారణ నిలవాలంటే, రసం తాపించకుండా ఉంటే అదే పిల్లవాడికి ఏమయ్యేదో తెలియాలి.

డెంగీ విషయంలో అది చాలావరకు తెలిసిందే. జ్వరం మొదలైన మూడో రోజు ప్రాంతం నుంచి ప్లేట్‌లెట్లు తగ్గుతూ వచ్చి, జ్వరం విడిచే వేళకు అట్టడుగుకు చేరి, ఆ తరువాత చాలామందిలో ఏ మందూ వేయకుండానే తమంతట తామే పెరుగుతాయి. మీ అబ్బాయి రిపోర్టుల్లోని అంకెలు సరిగ్గా ఆ క్రమంలోనే నడిచాయి. ఇక్కడ గమనించవలసినది రసం మొదలుపెట్టిన రోజు. ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉన్నప్పుడు బొప్పాయి ఆకు కోసం ఎవరూ వీధులు తిరగరు. 41 వేలన్న రిపోర్టు చేతికొచ్చి ఇంటిల్లిపాదీ హడలిపోయిన రోజునే తిరుగుతారు. అంకె అట్టడుగున ఉన్న రోజున ఏది మొదలుపెట్టినా, ఒకటి రెండు రోజుల్లో దానికి మంచి పేరు వచ్చి తీరుతుంది. మీ వీధిలోని ఆ ముగ్గురి అనుభవమూ ఇలాంటిదే అయి ఉండవచ్చు. హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు కూడా కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి గనుక, మన పల్లెల్లో పసరు మందుకు తరతరాలుగా ఉన్న ప్రతిష్ఠలో పెద్ద వాటా ఆ జబ్బు స్వభావానిదే. పెరిగి తగ్గే ప్రతి నొప్పీ, ప్రతి జ్వరమూ, నడుము పట్టేయడం దగ్గరినుంచి తలనొప్పి దాకా, ఈ విధంగా ఎవరో ఒకరికి ఉచితంగా కీర్తి తెచ్చిపెడుతూనే ఉంటాయి.

మీరు చదివిన పరిశోధనలు ఉన్నమాట నిజం. 2013లో ప్రచురితమైన ఒక మలేసియా పరీక్షలో 228 మంది డెంగీ రోగులను, చీటీలు తీసిన పద్ధతిలో, రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలు చికిత్సతోపాటు మూడు రోజులు ఆకు రసం ఇచ్చారు. రెండో జట్టుకు మామూలు చికిత్స మాత్రమే. రసం తాగిన జట్టులో ప్లేట్‌లెట్లు ఎక్కువ పెరిగాయి. పోల్చడానికి రెండో జట్టు ఉంది కాబట్టి దీన్ని వీధి అనుభవంతో కలిపి కొట్టిపారేయకూడదు. రెండో జట్టుకు ఉత్తుత్తి రసమేదీ ఇవ్వలేదు, కనుక ఎవరు ఏ జట్టో అందరికీ తెలుసు. అయినా ప్లేట్‌లెట్లను లెక్కపెట్టేది యంత్రం గనుక ఆ లోపాన్ని నేను పెద్దగా పట్టించుకోను. నా అభ్యంతరం లెక్కపెట్టిన వస్తువు మీద. తల్లికి కావలసినది బిడ్డకు రక్తస్రావం కాకుండా, రక్తపోటు పడిపోకుండా క్షేమంగా ఇల్లు చేరడం. లెక్కపెట్టినవి ప్లేట్‌లెట్లు. అంకె పెరిగితే క్షేమం కూడా పెరుగుతుందని మనం అనుకుంటున్నాము, కానీ దాన్ని విడిగా నిరూపించవలసి ఉంటుంది.

ఈ మాట ఆకు రసానికే కాదు, ఆసుపత్రులకూ వర్తిస్తుంది. ప్లేట్‌లెట్ల అంకె పెంచడమే వైద్యమైతే, దాతల నుంచి తీసిన ప్లేట్‌లెట్లను ఎక్కించడంకన్నా సూటి మార్గం లేదు. 2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో, సింగపూర్, మలేసియా ఆసుపత్రులలో ప్లేట్‌లెట్లు 20 వేలకు, అంతకన్నా కిందికి పడిన వయోజనులైన డెంగీ రోగులు 372 మందిని తీసుకుని, కొందరికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు, మిగిలినవారికి ఎక్కించలేదు. ఎక్కించినవారిలో నూటికి 21 మందికి, ఎక్కించనివారిలో నూటికి 26 మందికి రక్తస్రావమైంది. ఆ తేడా కాకతాళీయంగా కూడా వచ్చేటంత చిన్నది. దద్దుర్లు, అలర్జీల వంటి ఇబ్బందులు మాత్రం ఎక్కించినవారిలోనే ఎక్కువ. రక్తస్రావమేమీ లేని రోగికి అంకె చూసి భయపడి ప్లేట్‌లెట్ల కోసం బ్లడ్ బ్యాంకుల చుట్టూ పరుగెత్తే బంధువులు, పరుగెత్తించే వైద్యులు, ఇద్దరూ ఈ సంగతి తెలుసుకోవాలి.

అంకెను నమ్ముకుని మోసపోవడం ఎంత దూరం వెళ్లగలదో చెప్పే ఉదంతం గుండె వైద్యంలో ఉంది. గుండెపోటు వచ్చి బతికినవారిలో గుండె అదనంగా కొట్టుకోవడం కనిపిస్తే వారికి మరణ ముప్పు ఎక్కువ. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ అదనపు కొట్టుకోవడాన్ని ఈసీజీలో చక్కగా అణచివేసేవి, కనుక అవి ప్రాణాలు కాపాడుతున్నాయని వైద్యులు చాలామంది నమ్మి రాసేవారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒక పెద్ద పరీక్ష నడిపి చూసింది. సగటున పది నెలలు గడిచేసరికి, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయినవారు 26 మంది. 1989లో ఆ మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు.

మీకు పనికివచ్చే మాట ఒకటి చెప్పి ఈ సమాధానం ముగిస్తాను. డెంగీలో ప్రమాదకరమైన సమయం జ్వరం విడిచిన తొలి ఒకటి రెండు రోజులు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం, మగత, కాళ్లూ చేతులూ చల్లబడటం కనిపిస్తే, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సరైన సమయంలో సెలైను, పర్యవేక్షణ అందితే డెంగీలో మరణాలు నూటికి ఒకటికన్నా తక్కువ. చేదు రసం తాగి పిల్లవాడు వాంతి చేసుకుంటే, అది రసంవల్లనా, జబ్బు ముదరడంవల్లనా అని తేల్చుకోవడం కష్టమవుతుంది. అందుకే ఆ రోజుల్లో రసం వద్దని చెబుతాను.

ప్రశ్న: అయ్యా, మా నాయన గట్టు మీద జారిపడి ముంజేయి ఎముక విరగ్గొట్టుకుంటే పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించాము. చక్కగా అతుక్కుంది. నా బావమరిది తిరుపతిలో ఒక ఆసుపత్రి ఎముకల వార్డులో పనిచేస్తాడు. నాటుకట్టుతో చెయ్యి చెడగొట్టుకుని వచ్చినవాళ్లను వారం వారం చూస్తున్నానంటాడు. మా ఊళ్లో అయితే కట్టుతో బాగుపడనివాళ్లు నాకు తెలిసి లేరు. మా ఇద్దరిలో ఎవరి మాట అబద్ధం?
(ఒక రైతు, నగరి)

సమాధానం: ఎవరి మాటా అబద్ధం కాదు. ఇద్దరూ నిజాయితీగా చూసినదే చెబుతున్నారు, కాకపోతే ఇద్దరికీ సగం మనుషులే కనిపిస్తున్నారు.

పుత్తూరు కట్టు కట్టించుకున్న నూరుమందిని ఊహించండి. బాగుపడినవాడు ఊళ్లోకి వచ్చి పదిమందికి చెప్పుకుంటాడు, మరొకరికి చెయ్యి విరిగితే తానే వెంట తీసుకుపోతాడు. బాగుపడనివాడు మళ్లీ పుత్తూరుకు పోడు. తిరుపతి రుయా ఆసుపత్రికో, వేలూరుకో పోతాడు, ఊళ్లో ఆ సంగతి ఎత్తడానికి కూడా ఇష్టపడడు. కట్టు కట్టినవారికి ఈ రెండోవాడు కనిపించడు. మీ బావమరిదికి వాడు తప్ప మరొకడు కనిపించడు, ఎందుకంటే చెయ్యి చక్కగా అతుక్కున్నవాడికి ఎముకల వార్డులో పనేమిటి? ఇది తిరగేసి కూడా నిజమే. ఆసుపత్రిలో రాడ్డు వేయించుకుని ఏడాదైనా నొప్పి తగ్గనివాడు చివరికి కట్టు కోసం పుత్తూరుకు చేరితే, ఆపరేషన్లంటే ఇంతేనన్న అభిప్రాయం అక్కడ బలపడుతుంది. బాగుపడినవారు ఎందరు, చెడినవారు ఎందరు అన్నది కాదు ముందు అడగవలసింది. మొత్తం ఎందరిలో ఎందరు అని అడగాలి. ఆ మొత్తం మీ ఇద్దరి దగ్గరా లేదు.

సరే, మొత్తం లెక్కలు రెండు చోట్లా రాసి పెట్టారనే అనుకుందాము. అప్పటికీ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. చర్మం చీరుకుని ఎముక బయటికొచ్చినవాణ్ని, లారీ గుద్దినవాణ్ని 108 వాహనం నేరుగా ఆసుపత్రికి తెస్తుంది. గట్టు మీద జారి ముంజేయి విరిగినవాడు, మీ నాయనలాగా, పుత్తూరు బస్సు ఎక్కగలడు. తేలిక గాయాలు ఒక చోటికి, మొండి గాయాలు మరో చోటికి చేరినప్పుడు ఏ వైద్యం మేలన్నది ఆ అంకెలు చెప్పవు. ఒకే రకంగా ఎముక విరిగినవారిని తీసుకుని, ఎవరిని ఎటు పంపాలో రోగి ఇష్టానికీ వైద్యుడి ఇష్టానికీ వదలక చీటీ వేసి పంపితేనే రెండు జట్లూ సమానమవుతాయి. ఆధునిక వైద్యం కూడా తన శస్త్రచికిత్సలను ఇలా పరీక్షకు పెట్టవలసినదే. భుజం దగ్గర ఎముక విరిగి పక్కకు జరిగినవారికి ఆపరేషను మేలా, జోలె కట్టి వదిలేయడం మేలా అని బ్రిటన్‌లో 250 మందితో పరీక్షించి 2015లో ఫలితం ప్రకటించారు: రెండేళ్లపాటు చూసినా చెయ్యి పనితీరులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

పుత్తూరు కట్టులో వెదురు బద్దలు ఉన్నాయి, ఆకు పసరు ఉంది, కోడిగుడ్డు తెల్లసొన ఉంది. విరిగిన ఎముక కదలకుండా నిలిపి ఉంచితే అతుక్కునే పని శరీరమే చేసుకుంటుంది; ఆ మేరకు బద్దలు చేసేదీ, సిమెంటు కట్టు చేసేదీ ఒకే పని. పసరు దానికి అదనంగా ఏమైనా చేస్తోందా అన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. దీన్ని పరీక్షించడం పెద్ద కష్టం కూడా కాదు: బద్దలు అందరికీ అవే ఉంచి, సగం మందికి ఆ ఆకు, మిగతా సగానికి రంగూ వాసనా అలాగే ఉన్న వేరే ఆకు వాడి, కొన్ని వారాల తరువాత ఎక్స్‌రేను ఏ జట్టో తెలియని వైద్యుడిచేత చదివిస్తే సరిపోతుంది. "అతుక్కుంది" అన్న మాటతో కూడా తృప్తిపడకూడదు. వంకరగా అతుక్కున్నా అతుక్కున్నట్టే. మీ నాయన ఏడాది తరువాత చెంబు ఎత్తి నీళ్లు వంచగలుగుతున్నారా, అరచేయి పూర్తిగా తిప్పగలుగుతున్నారా అన్నది చూడాలి.

కట్టు ఎవరు కట్టినా, ఆసుపత్రిలో కట్టినా సరే, వేళ్లు నీలంగా మారితే, తిమ్మిరెక్కితే, కదపలేకపోతే, నొప్పి తగ్గకపోగా గంట గంటకూ పెరిగితే, ఆ కట్టు వెంటనే విప్పించాలి. ఇది రేపటిదాకా ఆగే పని కాదు.

ప్రశ్న: నాకు రక్తపోటు ఉంది, గుండెజబ్బు లేదు. డాక్టరు గారు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. అది గుండెపోటును 36 శాతం తగ్గిస్తుందని ఒక చోట చదివాను. అంటే నూరుమందిలో 36 మందిని కాపాడుతుందనా? నా మిత్రుడేమో అదంతా కంపెనీల మాయ అంటాడు.
(విశ్రాంత ఉద్యోగి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

సమాధానం: ఆ 36 శాతం అబద్ధం కాదు, మీరు అర్థం చేసుకున్న విధంగా నిజమూ కాదు. ఆ అంకె 2003లో ప్రచురితమైన ఒక పరీక్షలోనిది. రక్తపోటుతోపాటు మరికొన్ని ముప్పులు ఉండి, అప్పటిదాకా గుండెజబ్బు లేని సుమారు 10,300 మందిని, ఎక్కువగా బ్రిటన్, నార్డిక్ దేశాలవారిని తీసుకుని, సగం మందికి అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మూడేళ్లు దాటాక చూస్తే, ఉత్తుత్తి మాత్ర జట్టులో నూటికి 3 మందికి గుండెపోటో, గుండెజబ్బుతో మరణమో సంభవించింది. మందు జట్టులో నూటికి 1.9 మందికి. మూడు నుంచి 1.9కి తగ్గడమంటే మూడింట ఒక వంతుకు పైగా తగ్గినట్టు. అదే 36 శాతం. మరో విధంగా చెబితే, నూరుమంది మూడేళ్లకు పైగా రోజూ మాత్ర వేసుకుంటే ఒకరికి ఆ కాలంలో గుండెపోటు తప్పింది. 97 మందికి మాత్ర లేకున్నా వచ్చేది కాదు, సుమారు ఇద్దరికి మాత్ర వేసుకున్నా వచ్చింది.

తోతాపురి ధర రెట్టింపయిందని విన్న మన చిత్తూరు రైతు, ఎంత నుంచి ఎంతకు అని అడగకుండా కాయ కోయించడు. మందుల విషయంలోనూ అడగవలసినది అదే. ప్రకటనలు లాభాన్ని చెప్పేటప్పుడు "36 శాతం" అనే పెద్ద అంకెను వాడి, దుష్ఫలితాలను చెప్పేటప్పుడు "నూటికి ఒకరికి" అనే చిన్న అంకెకు మారుతుంటాయి. రెండూ నిజమే అయినా, కొలబద్ద మధ్యలో మారినప్పుడు పాఠకుడు తప్పుదారి పట్టడం ఖాయం. లాభమూ నష్టమూ ఒకే రీతిలో, నూటికి ఎందరికి, ఎన్నేళ్లలో అని రాయించుకుని చూడండి.

మీ మిత్రుడి మాటా సరికాదు. ఆ మూడవ వంతు తగ్గుదల దాదాపు అలాగే ఉంటుందనుకుంటే, అసలు ముప్పు ఎక్కువగా ఉన్నవారికి దక్కే లాభం చాలా పెద్దది. రాబోయే కాలంలో గుండెపోటు ముప్పు నూటికి 20గా ఉన్న వ్యక్తికి అదే తగ్గుదల వర్తిస్తే, నూటికి ఏడుగురు బయటపడతారు. గుండెపోటు ఒకసారి వచ్చినవారు స్టాటిన్ మానకూడదని గట్టిగా చెప్పేది ఇందుకే. మీ విషయంలో, వయసు, పొగతాగడం, షుగరు, రక్తపోటు కలిపి మీ ముప్పు నూటికి ఎంతో మీ డాక్టరు గారిని అడగండి. ఆ అంకె తెలియకుండా మాత్ర మొదలుపెట్టడం ఎంత తొందరపాటో, ఈ జవాబు చదివి మానేయడమూ అంతే.

ప్రశ్న: నేను తిరుపతిలో నర్సింగు చదువుతున్నాను. పరిశోధన వ్యాసం చేతికొస్తే సారాంశం చదివి, చివరి పేరా చూసి వదిలేస్తున్నాము. మంచి పత్రికలో వచ్చిందంటే నమ్మవచ్చు కదా సార్? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక విద్యార్థిని, తిరుపతి)

సమాధానం: చివరి పేరా రచయితలు మిమ్మల్ని ఏమి నమ్మమంటున్నారో చెబుతుంది. వారు చేసినదేమిటో మధ్యలోని "పద్ధతులు" అనే భాగం చెబుతుంది. విసుగు పుట్టించే ఆ భాగంతోనే మొదలుపెట్టండి. ఎవరిని తీసుకున్నారు, దేనితో పోల్చారు, జట్లను ఎవరు ఎలా విభజించారు, ముఖ్య ఫలితంగా దేన్ని ఎంచుకున్నారు, మొదలుపెట్టినవారిలో చివరిదాకా ఎందరు మిగిలారు: ఈ అయిదూ ఒక కాగితం మీద రాసుకున్నాక మిగతా వ్యాసం చదవండి. నూరుమందితో మొదలై అరవై మందితో ముగిసిన పరీక్షలో, మానేసిన నలభై మంది ఏమయ్యారో చెప్పకపోతే, ఆ ఫలితానికి నేను పెద్దగా విలువ ఇవ్వను. మందు పడనివారే మానేసి ఉంటారు.

ముఖ్య ఫలితాన్ని పరీక్షకు ముందే ప్రకటించారా, లెక్కలు చూశాక ఎంచుకున్నారా అన్నది మరీ ముఖ్యం. మన దేశంలో జరిగే పరీక్షలను నమోదు చేయడానికి భారత వైద్య పరిశోధన మండలి 2007 జులైలో సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీని ప్రారంభించింది. 2009 జూన్ 15 నుంచి ఔషధ పరీక్షలకు ఆ నమోదు తప్పనిసరి అయింది. అది ఉచితంగా ఎవరైనా వెతికి చూసుకోగలిగినది. వ్యాసంలోని నమోదు సంఖ్యను అందులో కొట్టి, అప్పుడు ప్రకటించిన ముఖ్య ఫలితాన్నీ, ఇప్పుడు వ్యాసంలో ఊరేగిస్తున్న ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ వేరుగా ఉంటే, కారణం వ్యాసంలోనే రాసి ఉండాలి.

మొత్తం మీద తేడా రాలేదు గానీ "అరవై దాటిన ఆడవారిలో మాత్రం అద్భుతంగా పనిచేసింది" అన్నటువంటి ముక్కల లెక్కలను అనుమానంతో చదవాలి. ఈ ముక్కల లెక్కల రోగానికి 1988లో ఒక విరుగుడు దొరికింది. గుండెపోటు వచ్చిన 17,187 మందితో జరిపిన ఐసిస్-2 అనే పరీక్ష, ఆస్పిరిన్ మరణాలను స్పష్టంగా తగ్గిస్తుందని తేల్చింది. ఫలితాలను ముక్కలు ముక్కలుగా విడదీసి చూపమని ఒత్తిడి వచ్చినప్పుడు, పరిశోధకులు రోగులను పుట్టిన రాశుల వారీగా కూడా విడదీసి చూపారు. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ పనిచేయదని తేలింది! అవి పాశ్చాత్యుల సూర్యరాశులు గనుక మన పంచాంగాలకు ఆ పరువు దక్కలేదు. ఎన్ని ముక్కలు చేస్తే అన్ని వింతలు పుడతాయని చూపడమే వారి ఉద్దేశం.

పత్రిక పేరు చూసి నమ్మడం గురించి: 2020 మే 22న లాన్సెట్ వంటి పేరున్న పత్రిక, 96 వేల మంది కోవిడ్ రోగుల వివరాల ఆధారంగా, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చినవారిలో మరణాలు ఎక్కువని ఒక వ్యాసం ప్రచురించింది. ఆ వివరాలు నిజమైనవో కావో సరిచూడటానికి వీలు కాలేదని జూన్ 4న దాన్ని వెనక్కు తీసుకున్నారు. అలాగని ఆ మందు మంచిదని తేలిపోలేదు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద పరీక్ష, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దానివల్ల ప్రయోజనం లేదని అదే నెలలో విడిగా చూపించింది. ఆ పరీక్షే డెక్సామెథాసోన్ అనే చవక స్టెరాయిడ్, వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలను సుమారు మూడింట ఒక వంతు తగ్గిస్తుందని కూడా తేల్చింది.

ప్రశ్న: మా తాతకు క్షయ వస్తే ఆరోగ్యవరం శానిటోరియంలో నెలల తరబడి ఉంచారట. ఇప్పుడు ఇంట్లోనే మందులిస్తున్నారు. విదేశాల్లో తెల్లవాళ్ల మీద చేసిన పరిశోధనలు మన శరీరాలకు వర్తిస్తాయని ఎలా నమ్మాలి?
(ఒక పాఠకుడు, పలమనేరు)

సమాధానం: మీ తాతగారున్న చోటే ఈ ప్రశ్నకు ఒక జవాబు పుట్టింది. మదనపల్లె పక్కన 1915లో మొదలైన ఆరోగ్యవరం శానిటోరియంలో, డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో, 1950 నుంచి చుట్టుపక్కల జనం మధ్య బీసీజీ టీకాను పరీక్షించారు. దాదాపు అదే కాలంలో బ్రిటన్‌లో బడి ముగించే వయసు పిల్లల మీద జరిగిన పరీక్షలో బీసీజీ క్షయను సుమారు 80 శాతం అడ్డుకుంది. మదనపల్లెలో కనిపించిన రక్షణ చాలా స్వల్పం. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన మరింత పెద్ద పరీక్షలో పెద్దవారి ఊపిరితిత్తుల క్షయకు రక్షణే కనిపించలేదు. మన వాతావరణంలో, మట్టిలో, నీటిలో ఉండే క్షయజాతి సూక్ష్మజీవులతో మన శరీరాలకు ముందే పరిచయం ఉండటం ఇందుకు ఒక కారణమని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. పసిపిల్లలకు మెదడుపొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి ఆ టీకా రక్షణ ఇస్తుంది కాబట్టే ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు, దాన్ని మాన్పించవద్దు.

అంటే మీ అనుమానానికి ఆధారం ఉంది. అయితే అది రెండు వైపులా పదునున్నది. శానిటోరియం వైద్యం కూడా యూరప్ నుంచి వచ్చిన నమ్మకమే: మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి లేనిదే క్షయ తగ్గదని. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా కేంద్రం, పేద రోగులను చీటీ పద్ధతిలో విభజించి, కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇరుకైన వారి సొంత ఇళ్లలోనే ఉంచి, ఇద్దరికీ అవే మందులు ఏడాదిపాటు ఇచ్చింది. అరకొర తిండితో, పనిపాటలు చేసుకుంటూ ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే బాగా తగ్గింది. వారి ఇంట్లోవారికి అదనంగా జబ్బు అంటుకోలేదు. 1959లో వెలువడిన ఆ ఫలితం తరువాత ప్రపంచమంతా శానిటోరియాలు ఖాళీ అవుతూ వచ్చాయి. తెల్లవాళ్ల దేశాలు మన మద్రాసు పరిశోధనను నమ్మి తమ పద్ధతి మార్చుకున్నాయన్నమాట. కాబట్టి పరిశోధన ఏ దేశానిదని కాక, ఆ ఫలితాన్ని ఇక్కడ మార్చగలిగే కారణం, తిండి, వాతావరణం, వేరే జబ్బులు, ఏదైనా ఉందా అని అడగండి. విరిగిన ఎముకకు అలాంటి కారణం దొరకడం కష్టం. టీకాలకు, పోషకాహారానికి తరచుగా దొరుకుతుంది.

ప్రశ్న: 90 రోజుల్లో షుగరును సమూలంగా నయం చేస్తుందని, దుష్ఫలితాలే లేవని ప్రకటన చూసి మా అమ్మ ఒక మూలికా చూర్ణం తెప్పించుకున్నారు. షుగరు నిజంగానే తగ్గింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేస్తానంటున్నారు. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, చంద్రగిరి)

సమాధానం: షుగరు తగ్గడమే ఇక్కడ జాగ్రత్త పడవలసిన విషయం. మూలికలని అమ్మే కొన్ని షుగరు చూర్ణాలలో గ్లైబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ వంటి ఇంగ్లీషు మందులను చెప్పకుండా కలపడం, కీళ్లనొప్పుల చూర్ణాలలో స్టెరాయిడ్లు కలపడం అనేకసార్లు పట్టుబడింది. మీ అమ్మగారి చూర్ణంలో అలాంటిదే ఉంటే, డాక్టరు మాత్రలూ అదీ కలిసి షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాంటిదేమీ లేకపోతే, తగ్గినది డాక్టరు మాత్రలవల్లనో, చూర్ణంతోపాటు మొదలుపెట్టిన పథ్యంవల్లనో అయి ఉంటుంది. అప్పుడు మాత్రలు మానడం ఇంకా ప్రమాదం. రెండు విధాలా మాత్రలు తమంతట తాము మానకూడదు. చూర్ణం ఆపి, డబ్బాతో సహా డాక్టరును కలవమనండి. కీళ్లనొప్పుల చూర్ణాన్ని నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం దాన్ని ఒక్కసారిగా ఆపకుండా ముందు డాక్టరుకు చూపాలి, ఎందుకంటే అందులో స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే.

ఇక ప్రకటన సంగతి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, మధుమేహం, క్యాన్సరు, మూర్ఛ, పక్షవాతం, బొల్లి, కంటిశుక్లం, ఊబకాయం మొదలైన 54 జబ్బులను నయం చేస్తామని ప్రకటించడాన్నే నేరంగా పరిగణిస్తుంది. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉంది. అంటే ఆ ప్రకటనలో మందు గుణం నిజమా కాదా అని తేల్చుకునేలోపే, చట్టం పట్టించుకోని వ్యాపారి అని తేలిపోయింది. ప్రకటన ఉన్న కాగితాన్నో, ఫోన్లో దాని ఫొటోనో, బిల్లునూ దాచండి. డబ్బా మీద బ్యాచి నంబరు, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూసి రాసుకోండి. చూర్ణం కొంత మిగిలి ఉండగానే జిల్లా ఔషధ నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఇచ్చినట్లు రసీదు తీసుకోండి.